సీపీఎస్ ఉద్యోగులూ.. మీ పింఛను సొమ్ము ఏ ఫండ్‌లో ఉందో ఎప్పుడైనా చూశారా?

మంచిర్యాలలో ఒకే వీధిలో రెండు రకాల ఉద్యోగులు కనిపిస్తారు. ఒకరు శ్రీరాంపూర్‌లోనో, మందమర్రిలోనో సింగరేణి గనికి వెళ్లే కార్మికుడు. మరొకరు 2004 సెప్టెంబర్ 1 తర్వాత ప్రభుత్వ కొలువులో చేరిన టీచరు లేదా రెవెన్యూ ఉద్యోగి. ఇద్దరి జీతంలోనూ ప్రతి నెలా రిటైర్మెంట్ కోసం కోత పడుతుంది. కానీ ఆ సొమ్ము వెళ్లే దారులు వేరు.

సింగరేణి కార్మికుడి పీఎఫ్ సీఎంపీఎఫ్‌కు వెళ్తుంది. దాన్ని ఎక్కడ పెట్టుబడి పెట్టాలో ట్రస్టీల బోర్డు నిర్ణయిస్తుంది. ఏటా వడ్డీ ప్రకటిస్తారు. కార్మికుడు ఎంచుకునేది ఏమీ ఉండదు. సీపీఎస్ ఉద్యోగి సొమ్ము ఎన్‌పీఎస్ ద్వారా మార్కెట్‌కు వెళ్తుంది. ఇక్కడ వడ్డీ ప్రకటన ఉండదు. ఫండ్ విలువ పెరిగితే మీకు లాభం, తగ్గితే మీకే నష్టం. అందుకే మీ సొమ్ము ఏ ఫండ్‌లో ఉందన్నది ముఖ్యం.

ఏమీ ఎంచుకోకపోతే ఎక్కడికి వెళ్తుంది?

మూలవేతనం, డీఏ కలిపిన మొత్తంలో 10 శాతం మీ వాటా. రాష్ట్ర ప్రభుత్వం మరో 10 శాతం వేస్తుంది. కేంద్ర ఉద్యోగులకైతే 2019 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ వాటా 14 శాతం. మీరు ఏమీ ఎంచుకోకపోతే ఈ సొమ్ము డిఫాల్ట్ స్కీమ్‌కు వెళ్తుంది. ఎస్‌బీఐ, ఎల్‌ఐసీ, యూటీఐ పెన్షన్ ఫండ్‌లు మూడూ దాన్ని పంచుకుని నిర్వహిస్తాయి. స్టేట్‌మెంట్‌లో ఈ మూడు పేర్లూ కనిపిస్తే మీది డిఫాల్ట్ అన్నమాట. ఇందులో సింహభాగం ప్రభుత్వ బాండ్లు, కంపెనీల రుణపత్రాలే. షేర్ల వాటాకు పరిమితి పెట్టారు.

మిగతా ఆప్షన్లు ఏమిటి?

కేంద్ర ఉద్యోగులకు 2019 ఏప్రిల్ 1 నుంచి ఎంపిక హక్కు వచ్చింది. మంచిర్యాలలో పనిచేసే రైల్వే, తపాలా ఉద్యోగులు ఈ కోవలోకి వస్తారు. వారి ముందున్న దారులు ఇవీ:

- పూర్తిగా ప్రభుత్వ బాండ్లు: షేర్లు అసలే ఉండవు. ఒడిదొడుకులు తక్కువ. అయితే వడ్డీ రేట్లు పెరిగినప్పుడు బాండ్ల విలువ కూడా కాస్త తగ్గుతుంది.
- ఎల్‌సీ-25: 35 ఏళ్ల వయసు వరకు షేర్లు 25 శాతం. ఆ తర్వాత ఏటా తగ్గుతూ 55 ఏళ్లకు 5 శాతానికి చేరుతుంది.
- ఎల్‌సీ-50: 35 ఏళ్ల వరకు షేర్లు 50 శాతం. 55 ఏళ్లకు 10 శాతం.
- ఎల్‌సీ-75, బ్యాలెన్స్‌డ్ లైఫ్ సైకిల్: వీటిని 2025 అక్టోబర్‌లో చేర్చారు. మొదటిదాంట్లో 35 ఏళ్ల వరకు 75 శాతం షేర్లే. రెండోదాంట్లో 50 శాతం వాటా 45 ఏళ్ల వరకు కొనసాగి, ఆ తర్వాతే తగ్గడం మొదలవుతుంది.

రాష్ట్ర ఉద్యోగులకు మాత్రం ఈ వెసులుబాటు దానంతట అదే రాదు. రాష్ట్ర ప్రభుత్వం అమలుకు అంగీకరిస్తేనే వర్తిస్తుంది.

ఒక్క శాతం తేడాతో ఏమవుతుంది?

లెక్క కోసం రెండు వాటాలూ కలిపి నెలకు రూ.10 వేలు జమ అవుతున్నాయనుకుందాం. 20 ఏళ్లలో కట్టేది రూ.24 లక్షలు. సగటున 8 శాతం రాబడి వస్తే అది సుమారు రూ.58.9 లక్షలు అవుతుంది. 9 శాతం వస్తే రూ.66.8 లక్షలు. అంటే ఒక్క శాతానికే దాదాపు రూ.8 లక్షల తేడా. రిటైరయ్యాక ఇందులో కనీసం 40 శాతంతో యాన్యుటీ కొనాలి. నెలనెలా వచ్చే పింఛను దాని నుంచే. మిగతా 60 శాతం వరకు పన్ను లేకుండా ఒకేసారి తీసుకోవచ్చు. నిధి చిన్నదైతే పింఛనూ చిన్నదే.

మరి షేర్లు ఎక్కువ పెట్టేస్తే సరిపోతుందా?

అంత తేలిక కాదు. 2020 జనవరిలో దాదాపు 42 వేల దగ్గరున్న సెన్సెక్స్, మార్చి 23న 26 వేల దిగువకు పడిపోయింది. అంటే సుమారు 38 శాతం పతనం. నిధిలో 15 శాతమే షేర్లున్నవారికి ఆ దెబ్బ మొత్తం నిధిపై 6 శాతం లోపే. 50 శాతం ఉన్నవారికి 19 శాతం. అదే ఏడాది చివరికి సెన్సెక్స్ 47 వేలు దాటింది. పదేళ్లకు పైగా సర్వీసు ఉన్నవారు ఓపిక పట్టగలిగారు. ఆ మార్చిలోనే రిటైరైన వారి పరిస్థితి వేరు. వయసుతోపాటు షేర్ల వాటా తగ్గించే ఎల్‌సీ ఆప్షన్లు తెచ్చింది ఇందుకే.

అతి పెద్ద పొరపాటు ఏమిటంటే, మార్కెట్ పడ్డాక భయపడి మార్చుకోవడం. ఆప్షన్ మారిస్తే కొత్త సొమ్మే కాదు, అప్పటిదాకా పోగైన నిధి కూడా కదులుతుంది. తక్కువ ధరకు అమ్మేసి నష్టాన్ని ఖాయం చేసుకున్నట్టే.

మీరు ఇప్పుడు చేయాల్సింది

1. 12 అంకెల ప్రాన్ నంబరు, పాస్‌వర్డ్‌తో సీఆర్‌ఏ వెబ్‌సైట్ లేదా ఎన్‌పీఎస్ యాప్‌లోకి వెళ్లండి.
2. ట్రాన్సాక్షన్ స్టేట్‌మెంట్ తీసి మీ వాటా, ప్రభుత్వ వాటా ప్రతి నెలా పడ్డాయో లేదో చూడండి. జమ ఆలస్యమైతే అన్ని రోజుల రాబడి పోయినట్టే. నెల తప్పితే పే స్లిప్‌తో డీడీఓను, ఆపై ట్రెజరీని అడగండి.
3. స్కీమ్ ప్రిఫరెన్స్ మార్పు ఆప్షన్ మీ ఖాతాకు పనిచేస్తుందో లేదో చూడండి. లేకపోతే మీది డిఫాల్టే.
4. ఆప్షన్ ఉంటే రాబడి పట్టిక కన్నా ముందు మీ మిగిలిన సర్వీసు లెక్కేసుకోండి. కేంద్ర ఉద్యోగులు ఫండ్ మేనేజర్‌ను ఏడాదికి ఒకసారి, పెట్టుబడి ఆప్షన్‌ను రెండుసార్లు మార్చుకోవచ్చు.
5. నామినీ పేరు సరిచూసుకోండి. పెళ్లికి ముందు ఇచ్చిన పేరే ఇంకా ఉంటే వెంటనే మార్చండి.

పాత పింఛను తిరిగి వస్తుందా రాదా అన్న చర్చ సాగుతూనే ఉంటుంది. అది తేలేలోపు కూడా మీ సొమ్ము ప్రతి నెలా ఏదో ఒక ఫండ్‌లోకి వెళ్తూనే ఉంది. అది ఏ ఫండో తెలుసుకోవడానికి పది నిమిషాలు చాలు.