డగ్గా మోగాలి... పద్యం మునగకూడదు!
హెడ్‌ఫోను కొనేవారు చెవితో చూసుకోవలసిన సంగతులు

తెనాలి : సాయంత్రం ఆరు గంటలు. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణంలో అద్దాల బల్ల మీద నాలుగు హెడ్‌ఫోను పెట్టెలు పరిచి ఉన్నాయి. ఎదురుగా డిగ్రీ రెండో సంవత్సరం చదివే కుర్రాడు. సెలవుల్లో నిమ్మకాయల మార్కెట్టులో బస్తాలు కుట్టి కూడబెట్టిన రెండు వేల రూపాయలు అతని జేబులో ఉన్నాయి. పక్కన తాతయ్య. ఆయన ఒకప్పుడు పద్య నాటకాలకు తబలా వాయించిన మనిషి.

"ఇది పెట్టి చూడు తమ్ముడూ, బాసుకి గుండె అదురుద్ది" అంటూ దుకాణదారు ఒక హెడ్‌ఫోను అందించి పాట పెట్టాడు. కుర్రాడి తల ఊగింది. మొహం వెలిగింది. తాతయ్య దాన్ని తీసుకుని తన చెవులకు తగిలించుకున్నాడు. అర నిమిషం విని తీసేశాడు.

"మోత బాగానే ఉందిరా, మాటేదీ? డగ్గా పద్యాన్ని మోయాలిగానీ ముంచెయ్యగూడదు" అన్నాడు.

"పెద్ద వయసు చెవులు కదా బాబాయ్" అని దుకాణదారు నవ్వేశాడు. కానీ హెడ్‌ఫోను కొనడంలో ఉన్న కిటుకంతా పెద్దాయన అన్న ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఇప్పుడు చెవికి ఏదో ఒకటి తగిలించుకోని కుర్రకారు కనిపించడం అరుదు. గుంటూరు వెళ్లే రైలులో, కళాశాల బస్సులో, ట్రాక్టరు మీద, కొష్టంలో గేదెకు మేత వేసేటప్పుడు కూడా పాట వినవలసిందే. కొనేటప్పుడు మాత్రం అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే - "బాసు ఎంత?" ఆ ప్రశ్న తప్పు కాదు. అయితే బాసు ఎక్కడినుంచి వస్తుందో తెలియక కొన్నవారు డబ్బుతోపాటు చెవులనూ పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

పెట్టె మీది అంకెలు

మనిషి చెవి దాదాపు 20 హెర్ట్జ్‌ల నుంచి 20,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదు. ఇందులో 250 హెర్ట్జ్‌ల లోపు ఉండే గంభీరమైన శబ్దాలనే బాసు అంటారు. డప్పు, డగ్గా, బేస్ గిటారు ఈ కోవలోకి వస్తాయి. "20 నుంచి 20,000 హెర్ట్జ్" అని వందల రూపాయల సరుకు మీదా ఉంటుంది, వేల రూపాయల సరుకు మీదా ఉంటుంది. ఏ శబ్దం ఎంత బలంగా వస్తుందో ఆ అంకెలు చెప్పవు. కాబట్టి వాటిని చూసి మురిసిపోనక్కరలేదు.

"40 మిల్లీమీటర్ల డ్రైవరు" అన్నది మరో ఆకర్షణ. డ్రైవరు అంటే లోపల కదిలే చిన్న స్పీకరు. అది పెద్దదైనంత మాత్రాన బాసు బాగుంటుందని లేదు. చెవి రంధ్రంలో పెట్టుకునే రకాల్లో డ్రైవరు పది మిల్లీమీటర్లే ఉన్నా, సరిగ్గా కూర్చుంటే మంచి బాసు వస్తుంది.

సందు ఉంటే బాసు పరార్

అసలు రహస్యం చెవి చుట్టూ సందు లేకపోవడంలో ఉంది. హెడ్‌ఫోను మెత్తకూ చెవికీ మధ్య చిన్న సందు ఉన్నా గంభీర శబ్దాలు ముందుగా అందులోంచే జారిపోతాయి. అందుకే ఒకే హెడ్‌ఫోను ఒకరి చెవికి అద్భుతంగానూ, మరొకరికి చప్పగానూ వినిపిస్తుంది.

దీన్ని దుకాణంలోనే పరీక్షించవచ్చు. పాట వస్తుండగా రెండు చేతులతో హెడ్‌ఫోనును చెవులకు మెల్లగా అదిమి చూడాలి. అదిమినప్పుడు బాసు బాగా పెరిగితే అది ఆ తలకు సరిగా అతకడం లేదన్నమాట. కళ్లజోడు పెట్టుకునేవారు కళ్లజోడుతోనే, జూకాలు పెట్టుకునే అమ్మాయిలు జూకాలతోనే పరీక్షించుకోవాలి. కళ్లజోడు కాడ వల్ల కూడా సందు ఏర్పడుతుంది.

చెవిలో దూర్చుకునే రకాలకు సాధారణంగా మూడు సైజుల రబ్బరు తొడుగులు ఇస్తారు. చాలామంది ముందే తొడిగి ఉన్న దానితో సరిపెట్టుకుని మిగతావి పెట్టెలోనే పారేస్తారు. బాసు లేదని వాల్యూము పెంచుతారు. తొడుగు మారిస్తే పైసా ఖర్చు లేకుండా బాసు రావచ్చు. కుడి చెవికి ఒక సైజు, ఎడమ చెవికి మరో సైజు సరిపోయేవారూ ఉంటారు.

మాట తేటగా ఉండాలి

బలమైన గంభీర శబ్దం తనకన్నా పైస్థాయి శబ్దాలను కప్పేయడం చెవికి సహజం. తెలుగు పాటలో "స, శ, త, క" వంటి హల్లుల పలుకు ఎక్కువగా 2,000 హెర్ట్జ్‌లకు పైన ఉంటుంది. బాసును అడ్డూ ఆపూ లేకుండా పెంచిన హెడ్‌ఫోనులో గాయకుడు గోడ అవతల నుంచి పాడుతున్నట్టు ఉంటుంది. తాతయ్య పట్టుకున్న లోపం అదే.

కొనేటప్పుడు దుకాణదారు పెట్టే పాటను నమ్ముకోకూడదు. అతను మోతకు పేరుపడ్డ పాటే పెడతాడు. బాగా వినివిని నోటికి వచ్చిన పాటలు రెండు ఎంచుకోవాలి. ఒకటి ఘంటసాల గొంతు ప్రధానంగా ఉన్న పాత పాట. రెండోది బేస్ గిటారు నడక స్పష్టంగా ఉండే ఇళయరాజా పాట. మొదటిదానిలో ప్రతి మాటా విడివిడిగా వినిపించాలి. రెండోదానిలో గిటారు ఒక్కొక్క స్వరం వేరుగా తెలియాలి. అన్నీ కలిసి ఒకే "బుం బుం"గా వస్తే అది బాసు కాదు, రొద.

బాసు కొంచెం తక్కువై మాట తేటగా ఉన్నదాన్ని తీసుకోవడమే లాభం. తక్కువైన బాసును ఫోనులోని ఈక్వలైజరుతో కొంత పెంచుకోవచ్చు. మసకబారిన మాటను తేటపరచడం అంత సులభం కాదు.

అరగంట పరీక్ష

రెండు నిమిషాలు పెట్టుకుంటే అన్నీ హాయిగానే ఉంటాయి. అరగంట తర్వాతే అసలు సంగతి బయటపడుతుంది. తల పట్టేసినట్టు ఉన్నా, నడినెత్తి మీద ఒత్తిడి తగిలినా అది రోజూ పెట్టుకోదగ్గది కాదు. చెవి మొత్తం మెత్త లోపల ఇమడాలి. చెవి తమ్మె మెత్త కింద నలగకూడదు.

మన ఎండలకు మరో బాధ ఉంది. రెగ్జిను మెత్తలు సందు లేకుండా అతికి బాసునిస్తాయిగానీ చెమట పట్టిస్తాయి. గుడ్డ మెత్తలు చల్లగా ఉంటాయిగానీ వాటి గుండా బాసు కొంత జారిపోతుంది. విడదీసి మార్చుకోగల మెత్తలు ఉన్నదైతే ఏడాది రెండేళ్ల తర్వాత అవి చిట్లినా కొత్తవి వేసుకోవచ్చు.

తీగ రకమా, బ్లూటూతా అన్నది అవసరాన్ని బట్టి ఉంటుంది. తీగ రకానికి చార్జింగు బెడద లేదు. అయితే తీగ గుచ్చే రంధ్రం చాలా కొత్త ఫోనులకు లేదు, ముందే చూసుకోవాలి. బ్లూటూతులో బ్యాటరీకి ఆయుష్షు ఉంటుంది. కొన్నింటిలో సినిమా చూసేటప్పుడు పెదవి కదిలాక మాట వస్తుంది. ఇక 250 ఓంలని రాసి ఉన్న స్టూడియో రకాలు ఫోనుకు సరిగా పలకవు, వాటికి వేరే యాంప్లిఫయరు కావాలి. ఫోనుకు 32 ఓంల ప్రాంతంలో ఉన్నవి చాలు.

వాల్యూము పెంచితే ఏమవుతుంది?

చిన్న వాల్యూములో మనిషి చెవికి బాసు తక్కువగా వినిపిస్తుంది. ఈ సంగతిని అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1933లోనే కొలిచి చూపారు. బాసు కోసం వాల్యూము పెంచాలనిపించడానికి కారణం ఇదే. దానికి రైలు హోరు తోడైతే చెయ్యి మరింత పైకి పోతుంది.

చెవి లోపలి నత్తగుల్ల వంటి భాగంలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలు సుమారు 15 వేలు ఉంటాయి. దెబ్బతిని చచ్చిన కణం మళ్లీ మొలవదు. 12 నుంచి 35 ఏళ్ల మధ్య వయసువారిలో 110 కోట్ల మందికి ఈ ముప్పు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో హెచ్చరించింది. 80 డెసిబెళ్ల శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. అదే 90 డెసిబెళ్లయితే వారానికి నాలుగు గంటలే. అంటే పది డెసిబెళ్లు పెరిగేసరికి వినదగిన కాలం పదో వంతుకు పడిపోతుంది. ఫోను వాల్యూము 60 శాతం దాటకుండా చూసుకోవాలన్నది ఆ సంస్థ సలహా. విన్న తర్వాత చెవుల్లో హోరు మిగిలితే అది హెచ్చరిక. హోరు తగ్గకపోతే చెవి డాక్టరుకు చూపించుకోవాలి.

ప్రయాణాల్లో వినేవారికి బయటి హోరును తగ్గించే నాయిస్ క్యాన్సిలింగు రకం మేలు చేస్తుంది. బెంగాలీ తండ్రికి అమెరికాలో పుట్టిన అమర్ బోస్‌కు 1978లో విమాన ప్రయాణంలో ఈ ఆలోచన తట్టింది. ఇంజను మోత వల్ల ఇచ్చిన హెడ్‌ఫోనులో పాట వినలేకపోయాడాయన. ఈ పద్ధతి బయటి మోతకు ఎదురు శబ్దాన్ని పుట్టించి దాన్ని చల్లారుస్తుంది. ఎడతెగని ఇంజను మోత తగ్గితే వాల్యూము పెంచవలసిన పని ఉండదు. అయితే రోడ్డు దాటేటప్పుడు, పట్టాల దగ్గర, బండి నడిపేటప్పుడు ఏ రకమైనా తీసి జేబులో పెట్టుకోవలసిందే.

మూడో పెట్టె

దుకాణంలో ఆ సాయంత్రం కుర్రాడు నాలుగింటినీ చెవికి పెట్టి చూశాడు. అదిమి చూశాడు. కళ్లజోడుతో చూశాడు. తాతయ్య పట్టుబట్టడంతో దుకాణదారు పాత పాట ఒకటి పెట్టాడు. మొదటి హెడ్‌ఫోనులో వినిపించని వయొలిన్లు మూడోదానిలో వినిపించాయి. డగ్గా దెబ్బ కూడా వేరుగా, గుండ్రంగా తగిలింది. వాల్యూము సగానికే ఉంది.

"దీంట్లో బాసు తక్కువ తమ్ముడూ, తర్వాత నన్ననగూడదు" అన్నాడు దుకాణదారు.

కుర్రాడు తాతయ్య వంక చూశాడు. ఆయన హెడ్‌ఫోను చెవులకు తగిలించుకుని కళ్లు మూసుకున్నాడు. బల్ల అంచు మీద ఎడమ చెయ్యి తాళం వేస్తోంది. పాట అయ్యేదాకా ఎవరూ మాట్లాడలేదు.

"ఇదే తీసుకో" అన్నాడు చివరికి. "బిల్లూ, గ్యారంటీ కార్డూ అడిగి రాయించుకో. చెవులకు మాత్రం గ్యారంటీ కార్డు ఏ కొట్లోనూ ఇవ్వరు."