రాత్రి విమానముల తపాలా

సాయంకాలము మదరాసున వేసిన జాబు మరునాటి యుదయమునకే ఢిల్లీ చేరుటెట్లు? ఈ విషయము మన విద్యార్థులకు గణితమువలె సులభముగా బోధపడగలదని తలచి యిచట వ్రాయుచున్నాము.

మన దేశమున విమానముపై తపాలా పంపుట 1911 ఫిబ్రవరి 18న అలహాబాదునందు మొదలయ్యెను. 1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా ఒకే యింజను గల చిన్న విమానమున కరాచీనుండి బొంబాయికి తపాలా తెచ్చెను. అచటినుండి నెవిల్ వింట్‌సెంట్ దానిని బళ్ళారి మీదుగా మదరాసునకు గొనిపోయెను. అయితే పగలెంత వేగముగా పోయినను, రాత్రియంతయు సంచులు కదలక పడియుండినచో ఫలమేమి?

ఈ కొరత తీర్చుటకు 1949 జనవరి 30న రాత్రి తపాలా విమానములు ప్రారంభింపబడినవి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మదరాసులనుండి డకోటా విమానములు రాత్రివేళ బయలుదేరి, దేశమధ్యమున నున్న నాగపూరునందు కలిసికొనెడివి. సంచులు మార్చుకొని తిరిగి తమ తమ పట్టణములకు మరలెడివి.

ఇందలి కిటుకును గమనింపుడు. 4 పట్టణములను జంటలు జంటలుగా కలిపినచో 6 మార్గములు కావలెను; నడుమ నొక కేంద్రమున్నచో 4 చాలును. 25 పట్టణములైనచో 300 మార్గములకు బదులు 25 చాలును. 1973 ఏప్రిల్ 17న అమెరికాలోని మెంఫిస్ కేంద్రముగా ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ సంస్థ యీ పద్ధతినే యవలంబించి, 14 చిన్న జెట్ విమానములతో 25 పట్టణములకు 186 పొట్లములను చేర్చెను. కొలది పొట్లములకై పెద్ద విమానమును పంపిన ఖర్చు గిట్టదు. కావుననే చిన్న ఊళ్ళకు సెస్నా క్యారవాన్ వంటి ఒంటి యింజను విమానములు పోవుచున్నవి. వానికి పొట్టి రన్‌వే చాలును.

మన అద్దంకి చెంత జాతీయ రహదారిపై 4.1 కిలోమీటర్ల రన్‌వే గలదు. 2024 మార్చి 18న వైమానికదళము వారి రవాణా విమానములు దానిపై దిగినవి. అది ఆపత్కాలమునకే గాని పొట్లములకు గాదు. మన రోగికి రావలసిన మందైనను, రైతునకు రావలసిన విత్తనమైనను కడపటి దూరము రోడ్డుమీదనే రావలయును.

కేంద్రమున ఒక్క విమానము ఆలస్యమైనను తక్కిన పట్టణముల జాబులన్నియు చిక్కుపడును. విలాసము స్పష్టముగా లేనిచో విమానవేగము సయితము వ్యర్థమే. కావున బాలురారా, బాలికలారా, వేళను పాటింపుడు. విలాసమును గుండ్రని యక్షరములతో వ్రాయుడు. ఆకాశమున సాగు పనికి సయితము మొదటి యడుగు మీ చేతిలోని కలమే.