గండం గడిచిన తరువాత

పాఠ్యభాగ పరిచయం

బాల్యంలో క్యాన్సరుకు చికిత్స పొంది, కోలుకొని, పెరిగి పెద్దవారైన వారి జీవితాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. వ్యాధి నయమైన తరువాత కూడా వారికి వైద్యపరమైన కనిపెట్టు ఎందుకు అవసరమో, వారి పట్ల సమాజం ఎలా మెలగాలో తెలియజేయడం దీని ఉద్దేశం.

వ్యాసం

పెద్ద ఆపద తొలగిపోయినపుడు తెలుగువారు "గండం గడిచి పిండం బయటపడింది" అంటారు. ఆ మాటలో ఊరట ఉంది, ఇక భయం లేదన్న ధీమా కూడా ఉంది. బాల్యంలో క్యాన్సరును జయించిన వారి విషయంలో ఆ ఊరట నిజమే కాని, ఆ ధీమా మాత్రం పూర్తిగా తగదు. వ్యాధిని తొలగించిన చికిత్స దేహంలో తన జాడలను విడిచి వెళ్ళవచ్చు. ఆ జాడలలో కొన్ని వెంటనే కనిపిస్తాయి. మరికొన్ని పది, ఇరవై సంవత్సరాలు మౌనంగా ఉండి ఆ తరువాత బయటపడతాయి.

ఒకప్పుడు పిల్లలకు వచ్చే రక్తక్యాన్సరుకు మందు లేదు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లంపై జరిగిన పరిశోధనకు నాయకత్వం వహించారు. ఆ ఆమ్లం పనిని అడ్డగించే అమినోప్టెరిన్ అనే మందు ఆ కృషి ఫలితమే. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానిని రోగపీడితులైన పిల్లలకు ఇచ్చి, వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించాడు. అదే సంవత్సరం సుబ్బారావు కన్నుమూశారు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ ఈ చికిత్సలో ముఖ్యమైన మందు. మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుండి లభించే విన్‌క్రిస్టిన్ దానికి తోడైంది. ఇటువంటి మందులను కలిపి వాడడం వలన నేడు సంపన్న దేశాలలో క్యాన్సరు వచ్చిన పిల్లలలో నూటికి 80 మందికి పైగా కోలుకొంటున్నారు. అనేక పేద దేశాలలో ఆ సంఖ్య 30కి లోపే ఉంది. దీనిని 2030 నాటికి కనీసం 60కి పెంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సంకల్పించింది.

చికిత్స విడిచే జాడలు

పెరుగుతున్న బిడ్డ దేహం లేత మొక్క వంటిది. కలుపును చంపే మందు మొక్కను కూడా కొంత తాకుతుంది. డాక్సోరూబిసిన్ అనే ఎర్రని మందు గుండె కండరాన్ని బలహీనపరచవచ్చు. సిస్‌ప్లాటిన్ వినికిడిని, స్టెరాయిడ్లు ఎముకలను దెబ్బతీయవచ్చు. సైక్లోఫాస్ఫమైడ్ మోతాదు ఎక్కువైతే సంతాన సామర్థ్యం తగ్గవచ్చు. తలకు రేడియేషన్ ఇచ్చినపుడు ఎదుగుదల, జ్ఞాపకశక్తి, ఏకాగ్రత కుంటుపడవచ్చు. ఇవన్నీ అందరికీ రావు. ఏ మందు, ఎంత మోతాదులో, ఏ వయస్సులో ఇచ్చారన్న దానిని బట్టి ముప్పు మారుతుంది.

1970–86 మధ్య వ్యాధి బయటపడిన పదివేల మందికి పైగా వ్యక్తులను పరిశీలించిన అమెరికా అధ్యయనం 2006లో వెలువడింది. వారిలో నూటికి 62 మందికి ఏదో ఒక దీర్ఘకాలిక సమస్య ఉన్నట్లు తేలింది. ఇటువంటి అనుభవాల వలననే వైద్యులు నేడు రేడియేషన్‌ను వీలైనంత తగ్గించి, మందుల మోతాదులను ఆచితూచి నిర్ణయిస్తున్నారు.

అడవి అంచున

ఖమ్మం దాటి భద్రాచలం వైపు సాగితే అడవి ఆరంభమవుతుంది. చర్ల, దుమ్ముగూడెం మండలాలలోని కోయగూడేల వారికి పోడు వ్యవసాయం, ఇప్పపువ్వు, తునికాకు సేకరణ జీవనాధారాలు. పెద్ద క్యాన్సరు ఆసుపత్రులున్న హైదరాబాదు భద్రాచలానికి 300 కిలోమీటర్లకు పైగా దూరం. నాలుగేళ్ళ వయస్సులో అక్కడ చికిత్స పొందిన బిడ్డ ఇరవై ఏళ్ళు నిండేసరికి ఆ సంగతులన్నీ మరుగున పడతాయి. తల్లిదండ్రులకు "ఎర్రమందు ఎక్కించారు" అన్నంత వరకే గుర్తుంటుంది.

ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది. మండుటెండలో తునికాకు కోసే యువకుడు తనకు వచ్చిన ఆయాసాన్ని ఎండదెబ్బగా భావించవచ్చు. గర్భిణి దేహంలో గుండెపై భారం సహజంగానే పెరుగుతుంది. చిన్ననాటి చికిత్స సంగతి తెలియని వైద్యుడు ఆమె ఆయాసానికి రక్తహీనతే కారణమనుకోవచ్చు. ఆ సంగతి ముందే తెలిస్తే ఎకో పరీక్ష చేయించి, కాన్పుకు తగిన ఆసుపత్రికి సకాలంలో పంపగలుగుతాడు.

అందుచేత కోలుకొన్న ప్రతి వ్యక్తి వద్ద చికిత్సా సారాంశ పత్రం ఉండాలి. వ్యాధి పేరు, చికిత్స జరిగిన కాలం, మందుల పేర్లు, వాటి మొత్తం మోతాదులు, రేడియేషన్ ఇచ్చిన భాగం, జరిగిన శస్త్రచికిత్సలు అందులో ఉండాలి. ఒక్క ప్రతిని ఇంట్లో దాచుకొంటే చాలదు. 1986లోను, 2022లోను భద్రాచలం వద్ద గోదావరి 70 అడుగుల మట్టం దాటింది. వరద వచ్చినపుడు కాగితాలు మిగలవు. కాబట్టి మరొక ప్రతిని బంధువుల వద్ద, దాని చిత్రాన్ని సెల్‌ఫోనులో భద్రపరచుకోవాలి. ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రి, చికిత్స ముగించుకొన్న పిల్లల కోసం 1991లోనే ప్రత్యేక క్లినిక్‌ను ప్రారంభించింది.

సమాజం పాత్ర

దేహానికి తగిలిన గాయం కంటె లోకుల మాట ఒక్కొక్కసారి ఎక్కువగా బాధిస్తుంది. క్యాన్సరు అంటువ్యాధి కాదు. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో అధికభాగం వంశపారంపర్యం కూడా కావు. కంటిలో వచ్చే రెటినోబ్లాస్టోమాలో ఒక రకం తరువాతి తరానికి సంక్రమించవచ్చు. ఆ సందర్భంలో సైతం పెళ్ళి మానుకోనక్కరలేదు. పుట్టిన బిడ్డకు మొదటి వారాల నుండే కంటి పరీక్షలు చేయిస్తే వ్యాధిని తొలిదశలోనే గుర్తించి చికిత్స చేయవచ్చు. పాఠం నిదానంగా గ్రహించే విద్యార్థిని మందబుద్ధి అని ముద్రవేయక, అతనికి మరికొంత సమయమివ్వడం ఉపాధ్యాయుని ధర్మం. తన గతాన్ని దాచుకోనక్కరలేని వాతావరణం ఉన్నపుడే కోలుకొన్న వ్యక్తి వైద్యునితో ఆ సంగతి నిస్సంకోచంగా చెప్పగలుగుతాడు. ఆ ఒక్క మాటే అతని ప్రాణాన్ని రెండవసారి కాపాడవచ్చు.

కఠిన పదాలకు అర్థాలు

కనిపెట్టు = పరిశీలన, జాగరూకత
కోవ = వరుస, తరగతి
నిస్సంకోచంగా = జంకు లేకుండా

ప్రశ్నలు

1. పిల్లల రక్తక్యాన్సరు చికిత్సకు యల్లాప్రగడ సుబ్బారావు కృషి ఎలా తోడ్పడింది?
2. చికిత్సా సారాంశ పత్రం ఆవశ్యకతను సోదాహరణంగా వివరించండి.