మీ వ్యాపారం లెక్క... మీరే రాయండి!

కొత్తగా కంపెనీ పెట్టేవాళ్లు చాలామంది ప్రాజెక్టు రిపోర్టును లోను కోసమే చేయిస్తారు. ఆ కాగితాలతో బ్యాంకుకన్నా మనకే ఎక్కువ పని.

మొదటి ఏడాది సామర్థ్యంలో 60 శాతం ఉత్పత్తి, రెండో ఏడాది 70, మూడో ఏడాది 80. అమ్మకాలు ఏటా పెరుగుతాయి, లాభం ఎక్కడా తగ్గదు. పిండిమిల్లయినా, పేపర్ ప్లేట్ల యూనిటయినా రిపోర్టుల్లో తరచూ కనిపించేవి ఇవే పట్టికలు. ఫీజు తీసుకుని ఎవరో తయారుచేసిన ఫైలు మీద సంతకం పెట్టి బ్యాంకుకు వెళ్తారు. ‘మీ సరకు ఎవరు కొంటారు? డబ్బు ఎన్నాళ్లకు చేతికొస్తుంది?’ అని మేనేజరు అడిగితే నీళ్లు నములుతారు.

జవాబు తెలియకుండా లోను వస్తే మరీ ప్రమాదం. రిపోర్టు ఎవరు రాసినా వాయిదాలు కట్టాల్సింది మనమే. అందుకే ఆ లెక్క మన చేత్తో మనం వేసుకోవాలి.

ఒక్క లీటరుతో మొదలు

ఊరూరా కనిపిస్తున్న గానుగ నూనె యూనిట్‌నే తీసుకుందాం. ఇవి ఉదాహరణకు వేసుకున్న అంకెలు, పన్నులు కలపలేదు. మీ ఊరి ధరలతో మళ్లీ వేసుకోండి.

లీటరు పల్లీ నూనెకు రెండున్నర కిలోల గింజలు, కిలో రూ.120 చొప్పున రూ.300. సీసా, లేబులు, కరెంటుకు రూ.20. మిగిలిన చెక్కను పశువుల దాణాకు అమ్మితే రూ.60 వెనక్కి వస్తుంది. అంటే లీటరు ఖర్చు రూ.260. అమ్మకం ధర రూ.360 అనుకుంటే, గానుగ దగ్గరకొచ్చి కొనేవారి వల్ల లీటరుకు వంద మిగులుతుంది. దుకాణానికి వేస్తే 20 శాతం కమీషన్ పోను మిగిలేది రూ.28.

నెలనెలా తప్పని ఖర్చులు చూద్దాం. అద్దె రూ.12 వేలు, ఇద్దరి జీతాలు రూ.30 వేలు, లోను వాయిదా రూ.14 వేలు. మొత్తం రూ.56 వేలు. నేరుగా అమ్మితే 560 లీటర్లకు ఈ ఖర్చు గిట్టుతుంది. దుకాణాల ద్వారా అయితే 2,000 లీటర్లు అమ్మాలి. గానుగ రోజుకు 30 లీటర్లు తీస్తుందనుకుంటే, 26 రోజులకు వచ్చేది 780 లీటర్లే! దుకాణాలనే నమ్ముకుంటే, తీసిన ప్రతి చుక్కా అమ్ముడుపోయినా నష్టమే.

పైగా ఇందులో యజమాని జీతం లేదు. ఇల్లు గడవడానికి నెలకు రూ.20 వేలు కలిపితే, నేరుగా అమ్మినా 760 లీటర్లు పోవాలి. గానుగ ఒక్క రోజు ఆగినా లెక్క తప్పుతుంది. రెండో గానుగా, అద్దె తక్కువ షెడ్డా, చెట్నీ పొడుల్లాంటి మరో సరకా... ఈ ఆలోచన అడ్వాన్సు ఇవ్వకముందే రావాలి.

సరకులో ఇరుక్కునే డబ్బు

780 లీటర్లకు నెలకు దాదాపు రెండు టన్నుల గింజలు, రూ.2.34 లక్షలు కావాలి. పంట చేతికొచ్చినప్పుడు చవగ్గా కొని నిల్వ చేయాలంటే ఇంకా ఎక్కువ. చాలామంది మెషీనుకు లోను అడుగుతారు, సరకు కొనడానికి, రోజువారీ ఖర్చులకు కావాల్సిన వర్కింగ్ క్యాపిటల్ సంగతి మరిచిపోతారు. ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన చిన్న సంస్థకు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. కానీ వీధి చివరి కిరాణా కొట్టతను ‘అమ్ముడుపోయాక ఇస్తాలే’ అంటే, చట్టం చూపించి వసూలు చేయడం అయ్యే పని కాదు. ఆ అరువు ఎంతో ముందే రాసుకోవాలి.

సబ్సిడీని నమ్ముకోవద్దు

2015లో మొదలైన ముద్ర పథకంలో శిశు కింద రూ.50 వేల వరకు, కిశోర్ కింద రూ.5 లక్షలు, తరుణ్ కింద రూ.10 లక్షల వరకు రుణాలిస్తారు. తరుణ్ రుణం తీర్చినవారికి ఈ పరిమితిని 2024లో రూ.20 లక్షలకు పెంచారు. 2020లో వచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకం, చిన్న ఆహారశుద్ధి యూనిట్లకు 35 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షల సబ్సిడీతో మొదలైంది. సొంత వాటా 10 శాతం ఉండాలి. దరఖాస్తుకు ముందు తాజా నిబంధనలు జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోండి. ఇలాంటి పథకాల్లో సబ్సిడీ మన చేతికి రాదు. బ్యాంకులోనే మూడేళ్లు ఉండి, తర్వాత రుణంలో జమవుతుంది. దాన్ని నమ్మి బయట వడ్డీకి తెచ్చుకుంటే అసలుకే మోసం.

మారాల్సి వస్తే మార్చాలి

2005 దీపావళికి బెంగళూరు నుంచి ఊరెళ్లడానికి ఫణీంద్ర సామా అనే యువకుడికి బస్సు టికెట్ దొరకలేదు. బిట్స్ పిలానీలో చదివిన మిత్రులతో కలిసి ఆయన ముందు అనుకున్నది, సీట్ల వివరాలు చూపే సాఫ్ట్‌వేర్‌ను బస్సుల యజమానులకు ఇవ్వాలని. వాళ్లు ఆసక్తి చూపలేదు. వ్యాపారవేత్తల సంస్థ ‘టై’లో అనుభవజ్ఞుల సలహాలు తీసుకుని, టికెట్లను తామే ప్రయాణికులకు అమ్మడం మొదలుపెట్టారు. అలా 2006లో వచ్చిన రెడ్‌బస్‌ను 2013లో ఐబిబో గ్రూపు కొనుక్కుంది. సమస్యను వాళ్లు సరిగ్గానే పట్టుకున్నారు. డబ్బిచ్చే కస్టమరు ఎవరన్నదే మార్చుకున్నారు.

ఈ జవాబులకు నాలుగు పేజీలు చాలు

• ఎవరి ఏ అవసరం తీరుస్తున్నాం? ఇప్పుడు వాళ్లు ఎక్కడ, ఎంతకు కొంటున్నారు?

• ఒక్క వస్తువు మీద అన్నీ పోను మిగిలేదెంత?

• నెలకు ఎన్ని అమ్మితే ఖర్చు గిట్టుతుంది? అన్ని తయారుచేయగలమా?

• పన్నెండు నెలల్లో ఏ నెల ఎంత వస్తుంది, ఎంత పోతుంది?

• అమ్మకాలు సగానికి పడిపోతే ఎన్ని నెలలు తట్టుకోగలం?

మొదటి ప్రశ్నకు జవాబు ఇంట్లో కూర్చుంటే దొరకదు. దుకాణాలు తిరగాలి, కొనేవాళ్లను అడగాలి. మిగతావి రాశాక బ్యాంకు కోరిన నమూనాలో పెట్టే పని ఆడిటరుకు అప్పగించవచ్చు.

ఆ నాలుగు పేజీలూ తెలుగులోనే రాయండి, ఇంట్లోవాళ్లతో చదివించండి. తాకట్టుకు వెళ్లేది వాళ్ల బంగారం, హామీ సంతకం పెట్టేది వాళ్లే. మీ కంపెనీ గురించి మొదటి ప్రశ్న అడిగే హక్కు వాళ్లది.