బిందెలో పటిక

వానకాలంలో గోదావరికి కొత్తనీరు వచ్చిందంటే ధర్మపురిలోనైనా మంచిర్యాలలోనైనా ఒడ్డున నీళ్లు ముంచుకున్న బిందె ఎర్రగా ఉండేది. పెద్దవాళ్లు పటికగడ్డను అందులో నాలుగు చుట్లు తిప్పి, కదపకుండా వదిలేవారు. తెల్లారేసరికి మట్టి అడుక్కి దిగి, పైన తేటనీరు నిలిచేది.

పిల్లలూ, ఆ పని చేసేది పటికలోంచి పుట్టిన అల్యూమినియం హైడ్రాక్సైడ్. బంకమట్టి రేణువులన్నిటికీ రుణావేశం ఉంటుంది. అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. పటికలోని అల్యూమినియానికి ధనావేశం. అది వాటి ఎడం తగ్గిస్తుంది. నీటిలోని కొద్దిపాటి క్షారగుణంతో కలిసి జిగటైన తెల్లటి హైడ్రాక్సైడ్‌గా మారి, మట్టిని పట్టుకుని కిందికి దిగుతుంది.

ఇంట్లోనే చూడొచ్చు. గాజుగ్లాసులో చిటికెడు పటికపొడి కరిగించండి. తాంబూలపు సున్నాన్ని నీళ్లలో కలిపి, పైన తేరిన తేటను కొంచెం కొంచెంగా పోయండి. పాలు విరిగినట్టు తెల్లటి తునకలు లేస్తాయి. వాటిమీద వడగట్టిన నిమ్మరసం పోసి కలిపితే మెల్లగా కరిగిపోతాయి. లోహ హైడ్రాక్సైడ్ ఆమ్లంతో కలిస్తే లవణం, నీరు ఏర్పడతాయి. సున్నం కూడా అంతే. కడుపులో మంటకు తాగే తెల్లమందులో పనిచేసేదీ ఇదే చర్య.

అసలు విశేషం రెండోవైపు ఉంది. ఆ తునకలు కాస్టిక్ సోడాలోనూ కరుగుతాయి! సున్నానికి ఆ గుణం లేదు, ఇనుము హైడ్రాక్సైడ్‌కూ దాదాపు లేదు. ఆమ్లంతోనూ క్షారంతోనూ చర్య జరిపే ఇలాంటివాటినే ద్విస్వభావ హైడ్రాక్సైడ్లంటారు. ఈ ప్రయోగం మాత్రం బడిలో సారు ఎదుటే చేయాలి. కాస్టిక్ సోడా కళ్లు తీస్తుంది.

కరీంనగర్ పట్టణం తాగేది దిగువ మానేరు నీళ్లు. అక్కడైనా మరెక్కడైనా, పటికతో నీటిని తేర్చేవాళ్లు పీహెచ్ మీద కన్నేసి ఉంచాల్సిందే. సుమారు 6 నుంచి 7.5 మధ్య పటిక చక్కగా పనిచేస్తుంది. పులుపు పెరిగినా, సున్నం ఎక్కువైనా హైడ్రాక్సైడ్ తిరిగి నీటిలోకి కరుగుతుంది.

వంటింట్లో సత్తు (అల్యూమినియం) గిన్నెను కాపాడే పలుచని పొరకూ ఇదే స్వభావం. అందుకని చింతపండు పులుసును అందులో రాత్రంతా ఉంచకండి, సోడాపొడితో తోమకండి.