నీళ్ల గుడి గొప్పదా, అడవి గుడి గొప్పదా?

శీర్షిక చూసి యిదేదో స్థలపురాణం అనుకుని పేజీని కళ్లకద్దుకున్నవారు మన్నించాలి. ఈ గుడులు మన జిల్లాలోనే కాదు, ఏ జిల్లాలోనూ లేవు. జపాన్‌కు చెందిన నింటెండో కంపెనీ 1998 నవంబరులో విడుదల చేసిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరీనా ఆఫ్ టైమ్’ అనే వీడియో గేమ్‌లో వున్నాయి. "సంచికకు వ్యాసం రాయమంటే ఆటల గురించా?" అని మా లెక్చరర్లు ముక్కున వేలేసుకోవచ్చు. ఓ పది నిముషాలు ఓపిక పట్టమని వారికి మనవి. మాట్లాడేది ఆట గురించే అయినా నన్ను పట్టి పీడిస్తున్న ప్రశ్న చదువుకు సంబంధించినది. ఏ కష్టం మనిషికి తెలివి నేర్పుతుంది? ఏ కష్టం వట్టి విసుగు పుట్టిస్తుంది?

మా పెదనాన్నగారి అబ్బాయి అమెరికా నుంచి వస్తూ తన పాత చేతి గేమ్ మిషను, నింటెండో 3డీఎస్, నాకిచ్చి వెళ్లాడు. దాంట్లో ఈ ఆట వుంది. ఇది 2011లో ఆ మిషను కోసం తిరిగి తయారుచేసిన కూర్పు. అన్నయ్య మాత్రం చిన్నప్పుడు 1998 నాటి అసలు కూర్పునే టీవీకి తగిలించే నింటెండో 64 మిషను మీద ఆడాడు. హాస్టల్లో మా గదికి ఈ మిషను వచ్చాక మూడు పార్టీలు తయారయ్యాయి. అడవి గుడి పార్టీ, ఆత్మ గుడి పార్టీ, నీళ్ల గుడి పార్టీ. మూడో పార్టీకి అధ్యక్షుడూ, కార్యదర్శీ, ఏకైక సభ్యుడూ నేనే.

డంజన్ అంటే ఏమిటి?

ఇంగ్లీషులో డంజన్ అంటే కోట కింద వుండే చీకటి చెరసాల. ఆటల భాషలో అర్థం కొంచెం మారింది. 1951 నాటి ‘పాతాళభైరవి’ సినిమాలో తోటరాముడు, నేపాళ మాంత్రికుడు వెళ్లే గుహను తలుచుకోండి, దాదాపు అలాంటిదే. లోపల అనేక గదులు, తాళం వేసిన తలుపులు, ఉచ్చులు, దయ్యాలు వుంటాయి. ఎక్కడో ఒక పెట్టెలో కొత్త పనిముట్టు దొరుకుతుంది. అది విల్లు కావచ్చు, అద్దం డాలు కావచ్చు. చివరి గదిలో ఒక పెద్ద రాక్షసుడు కాచుకుని వుంటాడు.

జెల్డా ఆటల వరుస 1986లో మొదలైంది. దాన్ని సృష్టించిన షిగెరు మియామొతో క్యోటో దగ్గర సొనొబే అనే వూళ్లో పెరిగాడు. చిన్నప్పుడు ఆ చుట్టుపక్కల కొండల్లో తిరుగుతూ ఒక గుహను కనిపెట్టి, లాంతరు పట్టుకుని లోపలికి వెళ్లిన అనుభవమే తన ఆటలకు మూలమని ఆయన చెప్పుకున్నాడు. ఒకరీనా ఆటకు ఆయన నిర్మాత. అందులోని డంజన్ల రూపకల్పన చూసినవాడు ఈజీ అవొనుమా. ఒకరీనా అంటే మట్టితో చేసే, చేతిలో ఇమిడే ఒక ఊదుడు వాద్యం. కథానాయకుడు లింక్ దాని మీద పాటలు వాయించి పనులు సాధిస్తాడు. అతను చిన్నపిల్లవాడిగా 3 డంజన్లు దాటుతాడు. ఒక మహాఖడ్గాన్ని రాతిలోంచి లాగగానే ఏడేళ్లు గడిచిపోయి పెద్దవాడవుతాడు. అప్పుడు 5 గుడులు ఎదురవుతాయి. అవి అడవి, నిప్పు, నీళ్లు, నీడ, ఆత్మ. ఆ పైన గానన్‌డార్ఫ్ అనే దుర్మార్గుడి కోట.

ఈ గుడుల తాళాలకు ఒక చిత్రమైన నియమం వుంది. ఒక గుడిలో దొరికే చిన్న తాళంచెవి ఆ గుడిలోని ఏ మామూలు తలుపునైనా తీస్తుంది. కాని ఒక్కసారే పనిచేస్తుంది. చేతిలో ఒక చెవి, ఎదురుగా రెండు తలుపులు వున్నాయనుకోండి, ఏది ముందు తీయాలో ఆడేవాడి యిష్టం. ఎవరు ఏ వరుసలో తీసినా దారి మూసుకుపోకుండా గుడి కట్టాలి. లెక్కలు చదివేవాళ్లు ఈ సంగతి ఒకసారి కాగితం మీద పెట్టి చూడండి, కట్టినవాడి కష్టం తెలుస్తుంది.

మూడు కొలతలు

"నాకిదే నచ్చింది" అంటే వాదన తెగదు గనుక నేను మూడు కొలతలు పెట్టుకున్నాను. ఒకటి, అడిగేముందు నేర్పుతోందా? రెండు, ఒక గదిలో చేసిన పని యింకో గదిలో తేడా తెస్తోందా? మూడు, దారి తెలియక ఆగిపోయినప్పుడు నడిపించేది మన ఆలోచనేనా, లేక గుడ్డిగా గోడలు తడుముకోవడమేనా?

మొదటి కొలతకు ఉదాహరణ ఆటలోని మొట్టమొదటి డంజన్. అది డెకు చెట్టు అనే మహావృక్షం లోపలి తొర్ర. నేల మీద మందంగా సాలెగూడు కమ్మి వుంటుంది. దాని మీద నిలబడితే తెగదు. ఏం చేయాలో ఎవరూ నోటితో చెప్పరు. చెట్టు లోపలి గోడ వెంట పైకి ఎక్కించుకుంటూ పోతారు. ఆ ఎత్తునుంచి కిందికి చూస్తే నట్టనడుమ ఆ గూడు కనిపిస్తుంది. దూకితే పటాపంచలవుతుంది. ‘ఎత్తు కూడా ఒక పనిముట్టే’ అన్న పాఠం పిల్లవాడికి ఒక్క దూకుతో వంటబడుతుంది. మంచి లెక్చరర్ చేసేది యిదే కదా!

అడవి గుడి

ఇది పాడుబడిన బంగళాలాంటి కట్టడం. నడిమి హాల్లో నాలుగు దివిటీలు, నాలుగు రంగుల్లో వెలుగుతుంటాయి. మనం లోపల అడుగుపెట్టగానే నలుగురు దయ్యపు అక్కచెల్లెళ్లు ఆ మంటలు ఎత్తుకుపోతారు, కిందికి దిగే లిఫ్టు మాయమవుతుంది. నలుగురినీ వెతికి పట్టుకుని మంటలు తిరిగి తేవాలి. ఒకామె గోడమీది పటంలో దాక్కుంటుంది, బాణం వేస్తే యింకో పటంలోకి దూకుతుంది. చివరామె నలుగురుగా మారి చుట్టూ తిరుగుతుంది, అందులో అసలు మనిషెవరో పోల్చుకోవాలి. ఒక నడవా తడిబట్ట పిండినట్లు మెలితిరిగి వుంటుంది. కన్ను ఆకారపు గుర్తును బాణంతో కొడితే మెలి విడుతుంది, గోడ అనుకున్నది నేలవుతుంది.

అందానికి, భయానికి అడవి గుడికి సాటి లేదు. హాల్లో ఒక్కొక్క దివిటీ వెలుగుతుంటే ఎంత పని అయిందో, ఎంత మిగిలిందో కంటికి కనబడుతుంది. నా రూమ్మేటు యిక్కడే బల్ల గుద్ది వాదిస్తాడు. ఒప్పుకుంటాను. కాని రెండో కొలతకు వచ్చేసరికి యిది కొంచెం తగ్గుతుంది. ఒక దయ్యాన్ని పట్టినంత మాత్రాన యింకో దయ్యం లెక్క మారదు. నాలుగు మంచి కథలు ఒక పుస్తకంలో కుట్టినట్టు వుంటుంది గాని ఒకే నవలలా వుండదు.

ఆత్మ గుడి

ఇది ఎడారిలో ఒక పెద్ద దేవతా విగ్రహం లోపల వుంది. దీన్ని రెండు వయసుల్లో రెండుసార్లు దాటాలి. పిల్లవాడిగా చిన్న కంతలోంచి పాకి వెళ్లి వెండి చేతితొడుగులు సంపాదిస్తాడు. అవి పిల్లవాడి చేతులకు సరిపోవు. పెద్దవాడై తొడుక్కుని వస్తే వాకిట్లో అడ్డంగా వున్న బండను నెట్టగలుగుతాడు. అప్పుడు రెండో సగం తెరుచుకుంటుంది, అక్కడ అద్దం డాలు దొరుకుతుంది. ఆ డాలుతో ఎండను మళ్లించి సూర్యుడి బొమ్మల మీద పడేలా చేయాలి. పతన కోణం, పరావర్తన కోణం సమానమని మనం ల్యాబులో గుండుసూదులు గుచ్చి నేర్చుకున్నదే. చివర యిద్దరు మంత్రగత్తెలు, ఒకతెది నిప్పు, ఒకతెది మంచు. ఒకతె విసిరినదాన్ని డాలుతో రెండో ఆమె మీదికి తిప్పికొట్టాలి. గుడంతా నేర్పిన పాఠానికి యిదే పరీక్ష.

మొదటి కొలతలో దీనికి నూటికి నూరు మార్కులు. కాలాన్ని కూడా తాళంచెవిగా వాడుకోవడం గొప్ప వూహ. కాని వెలుగు చిక్కులు చాలావరకు ఏ గదికాగదిలోనే తేలిపోతాయి. రెండు సగాలూ ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు వుంటాయి.

నీళ్ల గుడి

ఇది హైలియా అనే చెరువు అడుగున వుంది. లింక్ పెద్దవాడయ్యేసరికి ఆ చెరువు ఎండిపోయి వుంటుంది. గుడి మధ్య ఒక ఎత్తయిన గోపురం, చుట్టూ మూడు అంతస్తులుగా గదులు. నీటి మట్టం కూడా మూడు రకాలు: అడుగు, నడిమి, పైది. మట్టం మార్చే చోట్లు మూడు, ఒక్కోటి ఒక్కో ఎత్తులో వుంటుంది. అక్కడ నిలబడి రాజకుటుంబపు జోలపాట వాయిస్తే నీళ్లు ఆ మట్టానికి వస్తాయి. యినుప బూట్లు తొడిగితే నీటి అడుగున నడవొచ్చు, విప్పితే పైకి తేలతాం.

చిక్కంతా యిక్కడే వుంది. మట్టం పెంచితే పై గదులు అందుతాయి, కింద కొన్ని పనులు కుదరవు. తగ్గిస్తే కింది దారులు తెరుచుకుంటాయి, పై గుమ్మాలు అందనంత ఎత్తుకు పోతాయి. అంటే ఒకే ఒక్క చలరాశి, దానికి మూడు విలువలు. దాని మీద గుడిలోని అన్ని గదులూ ఆధారపడి వున్నాయి. కాబట్టి ఒక్కో గదిని విడిగా తేల్చలేం, మొత్తం గుడిని తలలో పెట్టుకుని తిరగాలి.

మాది గోదావరి డెల్టాలో రెండెకరాల వ్యవసాయం. కాలువ మీద లాకుల దగ్గర నీళ్లు ఎత్తితేనే మా బోదెకు ఎక్కుతాయి. మా పొలంలోనూ ఎగువ మడి, దిగువ మడి వున్నాయి. "ఎగువ మడి తడవకుండా కింద గండి కొట్టకురా" అని మా నాన్న అరుస్తూనే వుంటారు. ఒక చోట చెయ్యి పెడితే నాలుగు చోట్ల ఫలితం కనబడుతుందని, ఆ ఫలితం ముందే వూహించి పార పట్టాలని రైతుకు వేరే చెప్పక్కర్లేదు. నీళ్ల గుడి అడిగే తెలివి సరిగ్గా అదే. అందుకే ఆ పార్టీలో ఒక్కణ్ణే అయినా పార్టీ మారలేదు.

ఇంకో మాట. గుడి మధ్యలో ఒక గది వుంది. కంటికి ఆననంత దూరం పలచని నీళ్లు, నడుమ ఒక ఎండిన చెట్టు. నడుస్తుంటే లింక్ నీడ నీళ్లలో కనిపిస్తుంది, కాసేపటికి మాయమవుతుంది. తర్వాత ఆ చెట్టు దగ్గర నల్లటి మనిషిగా నిలబడి వుంటుంది. మన కత్తి దెబ్బలన్నీ మనకే తిరిగి చూపిస్తుంది. చివరి రాక్షసి మార్ఫా, నీళ్లనే చేతులుగా చేసుకుని పట్టుకునేది. అది చచ్చాక ఎండిన చెరువు మళ్లీ నిండుతుంది. రాజకుమార్తె దొరకడం కన్నా చెరువు నిండడమే నాకు పెద్ద విజయంగా అనిపించిందంటే మీరు నవ్వకూడదు.

బూట్ల కష్టం, నీళ్ల కష్టం

ఇంత మంచి గుడిని ఎందుకు అంతమంది తిట్టుకుంటారు? కారణాలు రెండు. మొదటిది బూట్లు. 1998 కూర్పులో బూట్లు తొడగాలన్నా విప్పాలన్నా ఆట ఆపాలి, సామాన్ల పేజీకి వెళ్లాలి, బూట్లు ఎంచుకోవాలి, మళ్లీ ఆటలోకి రావాలి. గుడి నిండా యిదే పని. "చివరికి బూట్లు విప్పడమే గుర్తుండిపోయిందిరా" అంటాడు అన్నయ్య. అవొనుమా కూడా తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఈ బూట్ల విషయమై ఆటగాళ్లకు క్షమాపణ చెప్పుకున్నాడు.

రెండోది ఒక తాళంచెవి. మధ్య గోపురంలో నీళ్లు నడిమి మట్టానికి ఎక్కగానే ఒక దిమ్మ తేలుతుంది. దాని కింద కంత బయటపడుతుంది, ఆ లోపల చెవి వుంటుంది. పాట వాయించి, నీళ్లెక్కగానే పైకి చూసి పోయేవారికి కాళ్ల కింది మార్పు తెలియదు. తర్వాత ఒక చెవి తక్కువై గుడంతా తిరుగుతారు.

2011 కూర్పులో ఏం చేశారో గమనించండి. బూట్లను ఒక్కసారి తాకితే తొడిగేలా మార్చారు. మట్టం మార్చే చోట్లకు వెళ్లే దారిలో గోడల మీద రంగు గీతలు గీశారు. మూడు మట్టాల లెక్కను మాత్రం ముట్టుకోలేదు. అనవసరమైన బరువు దించారు, మోయవలసిన బరువు వుంచారు. "మేము పడ్డ కష్టం మీకేం తెలుసు" అని అన్నయ్య దెప్పుతాడు గాని, ఆయన పడ్డదాంట్లో సగం బూట్ల కష్టమే. గుడి నేర్పే తెలివికీ దానికీ ఏమీ సంబంధం లేదు.

ఇప్పుడు చదువు మాట. నాలాగే ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి యిక్కడ బి.ఎస్సీ.లో చేరినవాళ్లు మన కాలేజీలో వున్నారు. థర్మోడైనమిక్స్‌లో ఒక పేజీ చదవాలంటే నాలుగుసార్లు డిక్షనరీ తెరవాలి. ఆట ఆపడం, బూట్లు తొడగడం, మళ్లీ మొదలెట్టడం! పేజీ చివరికి వచ్చేసరికి ఎంట్రొపీ అంటే ఏమిటన్న అసలు ఆలోచన జారిపోతుంది. ఫిజిక్స్ కష్టంగా వుందని మేము బాధపడటం లేదు. అది నీళ్ల కష్టం, దానికోసమే వచ్చాం. బూట్ల కష్టానికి కూడా మార్కులు పోతుంటేనే బాధ. మా లెక్చరర్లలో కొందరు బోర్డు మీద ఒక మూల ఇంగ్లీషు మాట, పక్కనే తెలుగు మాట రాసి పాఠం మొదలుపెడతారు. అయిదు నిముషాల పని, గోడమీది రంగు గీత లాంటిది. పాఠం స్థాయి దానివల్ల వీసమెత్తు తగ్గలేదు. అందరూ అలా చేస్తే బాగుంటుందని, మొదటి సంవత్సరం పిల్లల కోసం అలాంటి మాటల పట్టిక ఒకటి యూనియన్ తరఫున అచ్చు వేయిస్తే యింకా బాగుంటుందని నా సూచన. పట్టిక రాసే పనిలో నేను సాయం పడతాను.

అడవి గుడి పార్టీవారు, ఆత్మ గుడి పార్టీవారు ఈ తీర్పును ఒప్పుకోరని తెలుసు. వచ్చే సంవత్సరం సంచికలో జవాబు రాయండి. కొలతలు మాత్రం ముందే చెప్పి మరీ రాయండి!