పాటకచేరీకి ఎన్ని మార్కులు?

శ్రీరామనవమి పందిళ్ళలో అర్ధరాత్రి దాకా పాటకచేరీలు విన్న తరం వారు మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా? ఉంటే వారిని ఒక్కసారి కదిపి చూడండి. "ఆ ఏడు నవమికి మా వీధి పందిట్లో విన్నదీ తోడి అంటే! అలాంటి తోడి మళ్ళీ ఎక్కడా వినలేదు" అని మొదలు పెడతారు. పక్కన బావగారు కూర్చుని ఉంటే ఊరుకుంటారా? "అదేమంత గొప్పండీ! మరుసటేడు అదే విద్వాంసుడు పాడిన కల్యాణి ముందు మీ తోడి ఏపాటిది?" అని అడ్డు తగులుతారు. ఇక ఆ పూట భోజనాలు ఆలస్యమైనట్లే.

మా పెదనాన్నగారు ఆ తరం మనిషి. వినే ప్రతి కచేరీకీ మార్కులు వేయడం ఆయనకు అలవాటు. ఆయన లెక్కలో నూటికి తొంభై దాటినవి ఈ జన్మకు మూడే మూడు. మొన్న సెలవులకు అమెరికా నుంచి వచ్చిన మా అన్నయ్య కొడుకు ఈ సంగతి విని పగలబడి నవ్వాడు. "తాతయ్యా, ఇదే పనిగా పెట్టుకున్నవాళ్ళు అక్కడ వేలమంది ఉన్నారు. వాళ్ళ ముందు మీరు చాలా ఉదారులు!" అన్నాడు. ఆ వేలమంది కథే ఇది.

1965లో అమెరికా పశ్చిమతీరాన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో కొందరు కుర్రాళ్ళు కలిసి ఒక పాటల బృందం కట్టారు. దాని పేరు గ్రేట్‌ఫుల్ డెడ్. కృతజ్ఞత మరచిపోని మృతుడని అర్థం. పేరు వింటే గుండె గుభేలుమంటుంది గానీ, పాట మాత్రం హాయిగానే ఉంటుందట. బృందంలో పెద్ద గిటారు విద్వాంసుడు జెర్రీ గార్సియా. 1995 జూలై 9న షికాగోలో జరిగిన కచేరీ వారికి ఆఖరిది. సరిగ్గా నెల తిరిగేసరికి, ఆగస్టు 9న, గార్సియా కన్నుమూశాడు. ఈ ముప్పై ఏళ్ళలో వారు చేసిన కచేరీలు సుమారు 2,300.

పాడేది ఒక్క బృందమే కదా, రెండువేల పైచిలుకు కచేరీల్లో ఇది ఎక్కువ, అది తక్కువ అనడమేమిటి అంటారా? అక్కడే ఉన్నది కీలకం. ఈ రాత్రి ఏ పాటలు, ఏ వరసలో పాడాలన్నది వారు ముందుగా ఖాయం చేసుకునేవారు కారు. మన విద్వాంసులు మనోధర్మం అంటారే, అలాంటిదే. ఒక ఊళ్ళో పది నిమిషాల్లో ముగిసిన పాట మరో ఊళ్ళో అరగంట సాగేది. ఒక పాట పూర్తిగా ఆగకుండానే రెండో పాటలోకి జారుకునేది. కొన్ని రాత్రులు స్వర్గం కనిపించేది. కొన్ని రాత్రులు గాడి తప్పేది. అందుకని అభిమానులు నిన్న విన్నాం కదా అని సరిపెట్టుకోక, ఆ బృందం వెంట ఊరూరూ తిరిగేవారు. వీరికి డెడ్‌హెడ్స్ అని పేరు.

వీరిలో కొందరు మైకులూ, టేపు మిషన్లూ మోసుకుని వచ్చేవారు. ఇతర బృందాల వారైతే అలాంటి వాళ్ళను తలుపు దగ్గరే ఆపేసేవారు. వీరు మాత్రం ఏళ్ళ తరబడి చూసీ చూడనట్లు ఊరుకున్నారు. చివరికి 1984 అక్టోబరులో టేపుల వారికని హాలులో ప్రత్యేకంగా చోటే కేటాయించారు. ఒక్కటే కట్టుబాటు: ఆ టేపులు అమ్మకూడదు. ఇచ్చిపుచ్చుకోవచ్చు. ఖాళీ క్యాసెట్లు, తపాలా ఖర్చు పంపితే, ముఖపరిచయం లేనివాడు కూడా పాట ఎక్కించి తిరిగి పంపేవాడు. ఈ ఇచ్చిపుచ్చుకోవడాల కోసమే 1974లో ఒక పత్రిక కూడా పుట్టింది.

మార్కులు వేయడం అప్పుడు మొదలైంది. అయితే ఈ మార్కులు రెండు రకాలు. ఒకటి పాటకు, రెండవది టేపుకు. కాపీకి కాపీ తీసినకొద్దీ వెనకాల 'స్స్' మనే చప్పుడు పెరుగుతుంది. కనుక ఇది మొదటి తరం కాపీయా, నాలుగో తరం కాపీయా అన్నది అందరూ విచారించే విషయమైంది. పెళ్ళిచూపుల్లో గోత్రం అడిగినట్లు టేపు వంశం అడిగేవారన్నమాట! 1987లో డెడ్‌బేస్ అనే పుస్తకం వచ్చింది. ఏ తేదీన ఏ ఊళ్ళో ఏ పాటలు పాడారన్న పట్టీలు అందులో ఉండేవి. అభిమానులు తమకు నచ్చిన టేపులకు వేసిన ఓట్ల లెక్కలూ ఆ పుస్తకాల్లో అచ్చయ్యేవి.

ఈ పోటీల్లో తరచుగా అగ్రస్థానం దక్కించుకున్నది 1977 మే 8 నాటి కచేరీ. న్యూయార్క్ రాష్ట్రంలో ఇథాకా అనే ఊళ్ళో కార్నెల్ విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడి బార్టన్ హాలులో, ఆదివారం రాత్రి జరిగింది. అప్పటికి రెండు నెలలైనా నిండని కొత్త పాట ఒకటి ఉన్నది, ఫైర్ ఆన్ ది మౌంటెన్ అని. స్కార్లెట్ బెగోనియాస్ అనే పాత పాటను దానితో ఎక్కడా అతుకు కనపడకుండా కలిపి వాయించారు. ఆ జంట పాటలు ఒక్కటీ విని మిగిలినవి వినకపోయినా మార్కులు వేసేవారున్నారు. కచేరీ ముగిసి జనం బయటికి వచ్చేసరికి, మే నెలలో, మంచు కురుస్తున్నదట!

ఆ రాత్రి శబ్దాన్ని టేపు మీదికి ఎక్కించినావిడ బెట్టీ కాంటర్ జాక్సన్. ఆ బృందం కచేరీలను ఏళ్ళ తరబడి ఎంతో శ్రద్ధగా రికార్డు చేసింది. పిమ్మట ఆవిడకు కష్టకాలం వచ్చింది. సామాను దాచుకున్న గోదాముకు అద్దె కట్టలేకపోయింది. 1986లో ఆ సామాను వేలం వేశారు. అందులో వందలకొద్దీ టేపులు! కొనుక్కున్నవారు పారవేసి ఉంటే ఎన్నో గొప్ప రాత్రులు చెత్తకుప్పలో కలిసేవి. అదృష్టం బాగుండి వాటిలో చాలా భాగం తెలిసినవారి చేతుల్లో పడింది. నకళ్ళు దేశమంతా పాకాయి. కార్నెల్ కచేరీని అమెరికాలోని కాంగ్రెస్ గ్రంథాలయం వారు భద్రపరచదగిన జాతీయ ధ్వనిముద్రణల పట్టీలో చేర్చినట్లు 2012లో ప్రకటించారు. 2017 మేలో, నలభై ఏళ్ళకు, అది అధికారికంగా విడుదలైంది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న. కార్నెల్‌కు మొదటి స్థానం ఆనాటి పాట గొప్పతనం వల్ల వచ్చిందా, బెట్టీగారి టేపు గొప్పతనం వల్ల వచ్చిందా? మరునాడే, మే 9న, బఫెలో నగరంలో పాడినదే మేలని వాదించేవారు నేటికీ ఉన్నారు. అసలు మంచి టేపు లేని రాత్రికి ఓటు వేసేదెవరు? అందరూ వినగలిగిన వాటిలో ఇది మొదటిది అనగలం గానీ, పాడిన వాటన్నిటిలో మొదటిది అనగలమా?

దీనికి తిరగబడిన ఉదాహరణ కూడా ఉన్నది. 1978 సెప్టెంబరులో ఈ బృందం ఈజిప్టు వెళ్ళి, గీజాలో పిరమిడ్ల పాదాల చెంత మూడు రాత్రులు పాడింది. ఇద్దరు డ్రమ్ము వాద్యకారుల్లో ఒకరికి మణికట్టు విరిగి, ఒంటిచేత్తో వాయించాడు. పియానో శ్రుతి కుదరలేదు. ఆ రికార్డులతో పుస్తెలు తెగేంత పేరు వస్తుందనుకున్న బృందం వారికే అవి నచ్చక, ఆల్బం తీసుకురావడం మానుకున్నారు. ముప్పై ఏళ్ళకు, 2008లో గానీ అవి బయటికి రాలేదు. టేపుకు మార్కులు వేసేవారు వీటికి పెద్దపీట వేయరు. కానీ మూడో రాత్రి, సెప్టెంబరు 16న, సంపూర్ణ చంద్రగ్రహణం పట్టింది. పైన గ్రహణం, ఎదుట పిరమిడ్లు, చెవుల్లో పాట. అక్కడ ఇసుకలో కూర్చున్నవాణ్ణి మార్కులడిగితే ఏమంటాడు?

ఈ కథంతా విన్నాక మా పెదనాన్నగారు, "ఏదీ, ఆ కార్నెల్ పాట పెట్టరా" అన్నారు. మనవడు జంట పాటలు రెండూ వినిపించాడు. పాతిక నిమిషాలు ఆయన పలకలేదు, ఉలకలేదు. తొడమీద తాళం మాత్రం వేస్తూ ఉన్నారు.

"మాట ఒక్కటీ అర్థం కాలేదు గానీ, మొదటి పాటలోంచి రెండోదాంట్లోకి ఎక్కడ దాటారో నాకు అంతు పట్టలేదురా. ఘటికులే!" అన్నారు.

"మరి మార్కులో తాతయ్యా?"

"బయట మంచు పడిందన్నావే, అది ఇందులో వినిపిస్తుందా?"

"లేదు తాతయ్యా."

"అయితే పది మార్కులు ఆ హాల్లో కూర్చున్నవాళ్ళకి వదిలెయ్. మిగతా తొంభైకే నేను వేస్తాను."

ఎన్ని వేశారో ఇప్పటికీ చెప్పలేదు. కానీ ఆ సాయంత్రం మనవడు ఒక నోటుపుస్తకం తెచ్చి ఆయన ముందు కూర్చున్నాడు. నవమి పందిట్లో ఆ తోడికి టేపు లేదు. దాన్ని విన్న జనంలో మాకు తెలిసి మిగిలింది ఈయన ఒక్కరే. ఏ ఏడు, ఏ వీధి, పక్కవాద్యం ఎవరు, పల్లవి ఎంతసేపు అని వాడు అడుగుతూ పోతే, ఆయన కళ్ళు మూసుకుని చెబుతూ పోయారు. రాత్రి పది దాటింది. భోజనాలు ఆలస్యమైనా ఆ పూట మాలో ఎవరూ గొణగలేదు.

మీ ఇంట్లో కూడా అలాంటి పెద్దవారుంటే, ఈ ఆదివారం ఒక నోటుపుస్తకం కొని ఉంచండి.